కుర్చీ మీంచి వచ్చే మాట



ఈసారి రాసేది కొంచెం పొడుగు. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. మాలాంటి కొందరం చిన్నప్పుడు తమిళ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక నేర్చుకున్నాం. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే సర్దుకోండి.

2025 జూలైలో మన గ్రూపులో జరిగిన గొడవ అందరికీ గుర్తే. ఇద్దరు ముగ్గురు గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఒకే మెట్ల మీద ఎక్కి దిగే రెండు ఇళ్లవాళ్లు పలకరించుకోవడం మానేశారు. ఆ గొడవకి కారణం మన చాళ్లలో జరిగింది కాదు. జూలై 8 రాత్రి చర్చ్‌గేట్ వైపు ఉన్న ఆకాశవాణి ఎమ్మెల్యే హాస్టల్ క్యాంటీన్లో జరిగింది. పప్పు పాడైపోయిందని బుల్ఢాణా ఎమ్మెల్యే సంజయ్ గాయక్వాడ్ క్యాంటీన్ ఉద్యోగిని కొట్టారు. ఆ వీడియో దేశమంతా చూసింది. తర్వాత ఆయన విలేకరులతో మాట్లాడుతూ, క్యాంటీన్ కాంట్రాక్టు దక్షిణాదివాళ్లకి ఎందుకిచ్చారు, మరాఠీవాళ్లకి ఇవ్వాలి, దక్షిణాదివాళ్లు డాన్స్ బార్లు, లేడీస్ బార్లు నడిపి మహారాష్ట్ర సంస్కృతిని పాడుచేశారు అనే అర్థంలో మాట్లాడారు.

మన గ్రూపులో మూడు రకాల జవాబులొచ్చాయి. కుర్రాళ్లు కొందరు మరాఠీవాళ్లందరినీ కలిపి తిట్టారు. కొందరు, "అది శెట్టిలను అన్నారు, హోటళ్లవాళ్లను అన్నారు, మనకెందుకు, మనం తెలుగోళ్లం" అన్నారు. ఇంకొందరు, "నోటి మాటే కదా, నాలుగు రోజులకి అందరూ మర్చిపోతారు, వదిలెయ్యండి" అన్నారు. ఆ రోజు మేము ఏమీ రాయలేదు. వేడి మీద రాస్తే మా చెయ్యి కూడా జారేది. ఇప్పుడు ఆ మూడు జవాబుల గురించీ, మన ముంబై తెలుగువాళ్ల చరిత్రలోంచి మాకు తెలిసినంత చెప్తాం.

ముందు ఒక గుమాస్తా మాట. ఆఫీసు రిజిస్టర్లలో చివరి గడి పేరు రిమార్కులు. ముందు గడుల్లో అంకెలు, తేదీలు ఉంటాయి. వాటిని రెండో మనిషి సరిచూడొచ్చు. చివరి గడిలో పై అధికారికి ఏమనిపిస్తే అది రాస్తాడు. రాసినవాడు బదిలీ అయి వెళ్లిపోతాడు, రిటైరవుతాడు. ఆ రెండు ముక్కలు మాత్రం కాగితం మీద ఉండిపోతాయి. తర్వాత వచ్చిన ప్రతి అధికారీ ఫైలు తెరవగానే ముందు ఆ గడినే చూస్తాడు. కుర్చీలో ఉన్న మనిషి ఒక జాతి గురించి, ఒక ప్రాంతం వాళ్ల గురించి అనే మాట కూడా అలాంటిదే. పానీపూరీ బండి దగ్గర ఎవడో తాగి అన్న మాట గాలికి పోతుంది. కుర్చీ మీంచి వచ్చిన మాట కాగితంలోకి దిగుతుంది.

ఆ జూలైలోనే చూడండి. క్యాంటీన్ ఉద్యోగి దెబ్బలు తిన్నాడు. మర్నాడే ఫుడ్ అండ్ డ్రగ్స్ శాఖవాళ్లు తనిఖీకి వచ్చి, క్యాంటీన్ నడిపేవాళ్ల లైసెన్సు సస్పెండ్ చేశారు. కొట్టిన ఎమ్మెల్యేగారి మీద నమోదైంది నాన్ కాగ్నిజబుల్ నేరం, అంటే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని, అరెస్టు చేయలేని చిన్న కేసు. ముఖ్యమంత్రి అలాంటి ప్రవర్తన తప్పు అని సభలో అన్నారు, అది మెచ్చుకోవాలి. తిండి పాడైతే తనిఖీ చెయ్యాల్సిందే, దాన్ని మేము కాదనం. కానీ ఏ కాగితం ఎంత తొందరగా కదిలిందో గమనించండి. దక్షిణాదివాళ్లందరి మీదా వేసిన మాటకి మాత్రం ఏ కాగితమూ కదల్లేదు.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. మన పేరు దగ్గర్నుంచే మొదలుపెడదాం.

కామాఠీ అనే మాట "కామ్" నుంచి, అంటే పని నుంచి వచ్చిందని పెద్దలు చెప్తారు. 18వ శతాబ్దం చివర్లో నిజాం రాజ్యం వైపు నుంచి మనవాళ్లు రాళ్లు కొట్టడానికి, మట్టి మొయ్యడానికి, గోడలు కట్టడానికి ఈ ఊరికి వచ్చారు. వాళ్లున్న పల్లపు నేల కామాఠీపురా అయింది. ఏడు దీవులు కలిసి ఒక ఊరైన రోజుల్లో ఆ మట్టి మోసిన తలల్లో మన తలలూ ఉన్నాయి. తర్వాత పద్మశాలీలు వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ మిల్లుల్లో సాంచాల మీద పనిచేశారు. అది రెండో అలలాంటిది.

అయితే పనిచేసే మనుషుల పేరు పనికే పేరైపోయింది. మహారాష్ట్ర ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలల్లో ఇప్పటికీ "కామాఠీ" అని ఒక నాలుగో తరగతి ఉద్యోగం ఉంది. వంటమనిషి, కామాఠీ, చౌకీదారు అని నోటిఫికేషన్లో వరసగా వస్తుంది. ఒకప్పుడు ఒక ప్రాంతం నుంచి వచ్చిన ప్రజల పేరు అది. కాగితం మీద చిన్న పనికి పేరైంది. ఇందులో ఎవరూ తిట్టలేదు, ఎవరికీ కోపం లేదు. అయినా ఈ పేరున్న వీధిలో పుట్టిన పిల్లాడు ఆ నోటిఫికేషన్ చదివితే ఏమనుకుంటాడు?

ఆ పేరుకి రెండో దెబ్బ ఇంగ్లీషువాళ్ల కాలంలో పడింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఓడల్లో యూరప్ నుంచి ఆడవాళ్లను కూడా ఈ ఊరికి తెచ్చి వ్యాపారంలో పెట్టారు. పోలీసు అధికారులు ఆ వ్యాపారాన్ని ఆపలేదు. కామాఠీపురా వైపు వీధుల్లో సర్ది, అక్కడే ఉంచారు. శుక్లాజీ వీధికి సఫేద్ గల్లీ అని పేరు పడింది ఆ తెల్ల ఆడవాళ్ల వల్లనే. అధికారుల ఆలోచన వెనుక ఒక రంగు లెక్క ఉంది. తెల్ల సిపాయిలు, నావికులు నల్ల ఆడవాళ్ల దగ్గరికి పోవడం ప్రభుత్వానికి పరువు తక్కువ. కాబట్టి తెల్ల ఆడవాళ్లను ఒక మూల ఉండనివ్వాలి. ఆ మూల ఎక్కడ ఉండాలి? మలబార్ హిల్‌లో కాదు కదా. కూలివాళ్లు, మేస్త్రీలు ఉండే చోట. అక్కడ పిల్లాపాపలతో బతుకుతున్న తెలుగు మేస్త్రీలను ఎవరూ అడగలేదు.

ఆ అధికారులు పోయి నూరేళ్లయింది. ఫలితం ఇప్పటికీ మనం మోస్తున్నాం. మన పిల్లలు ఉద్యోగం అప్లికేషన్లో అడ్రసు రాసేటప్పుడు కామాఠీపురా అని రాయరు. ముంబై సెంట్రల్ అని రాస్తారు, నాగ్‌పాడా అని రాస్తారు. సంబంధాలు చూసేటప్పుడు గల్లీ నంబరు చెప్పడానికి వెనకాడతాం. మేమూ అలా చేసినవాళ్లమే. ఒక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ సిగ్గుతో మనం ఆ గల్లీల్లో బతికే ఆడవాళ్లను ఇంకా దూరం పెట్టాం. వాళ్లలో మన భాష మాట్లాడేవాళ్లు కూడా ఉన్నారని తెలిసీ.

అదే కామాఠీపురాకి ఇంకో చరిత్ర ఉంది. 1873 సెప్టెంబర్ 24న జోతిరావు ఫూలే పుణెలో సత్యశోధక సమాజం స్థాపించారు. ముంబైలో ఆ సమాజానికి అండగా నిలబడినవాళ్లలో మన తెలుగు కాంట్రాక్టర్లున్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వెంకు బాళోజీ కాళేవార్ లాంటివాళ్లు. రాళ్లూ సున్నమూ పనిలో సంపాదించిన డబ్బులో కొంత మరాఠీ రైతుల, కూలీల చదువు కోసం పుట్టిన ఉద్యమానికి ఇచ్చారు. అప్పుడు ఫూలేగారు వీళ్లను బయటివాళ్లు అనలేదు. వీళ్లూ ఆయన్ను మరాఠీ మనిషి అని పక్కన పెట్టలేదు. మరాఠీవాళ్లందరినీ కలిపి తిట్టిన మన కుర్రాళ్లు ఈ పేర్లు ఒకసారి గుర్తుపెట్టుకోవాలి. ఇది మొదటి జవాబు గురించి.

రెండో జవాబు, "మనల్ని అనలేదు". దీనికి 1960ల సంగతి చెప్పాలి.

1960 ఆగస్టులో బాల్ ఠాక్రేగారు మార్మిక్ పత్రిక పెట్టారు. అందులో ముంబై కంపెనీల్లో పెద్ద ఉద్యోగాల్లో ఉన్న దక్షిణాదివాళ్ల పేర్ల జాబితాలు వేసేవారు. పైన "వాచా ఆణి థండ్ బసా" అని శీర్షిక. చదవండి, చల్లగా కూర్చోండి అని ఎత్తిపొడుపు. 1966 జూన్ 19న శివసేన పుట్టింది. "లుంగీ హటావో, పుంగీ బజావో" నినాదం, మన భాషలను వెక్కిరిస్తూ "యండుగుండు" అనే మాట వీధి వీధికీ వచ్చాయి.

న్యాయంగా మాట్లాడాలంటే వాళ్ల బాధలో నిజం లేకపోలేదు. చదువుకున్న మరాఠీ కుర్రాళ్లకి తమ ఊళ్లోని ప్రైవేటు ఆఫీసుల్లో గుమాస్తా ఉద్యోగాలు తక్కువగా దొరికేవి. దక్షిణం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లీషు, టైపు, షార్ట్‌హ్యాండు నేర్చుకుని వచ్చేవారు, ఒకరు చేరితే ఇంకొకరిని తెచ్చేవారు. అది మాట్లాడుకోవాల్సిన సమస్య. కానీ జాబితాలో ఉన్నవాళ్లు ఆఫీసర్లు. రాళ్లు పడింది ఇడ్లీ హోటళ్ల మీద. ఆఫీసరు కారులో ఇంటికి పోయాడు. గ్లాసులు కడిగే కుర్రాడు వీధిలో దొరికాడు.

అప్పుడు మాకు ఏడెనిమిదేళ్లు. మేము ఉండేది మాటుంగా లేబర్ క్యాంపు, ధారావి వైపు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, మునిసిపల్ బడిలో తమిళం. ఈ మునిసిపాలిటీ మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ, ఇంగ్లీషు, తమిళం, తెలుగు, కన్నడం అని ఎనిమిది భాషల్లో బడులు నడిపిస్తోంది. ఇంత పెద్ద మనసున్న ఊళ్లోనే ఆ నినాదం కూడా మోగింది. రెండూ నిజమే. ఆ రోజుల్లో మా నాన్నలు నీళ్లు పట్టడానికి కిందికి దిగాలన్నా లుంగీ విప్పి ప్యాంటు వేసుకునేవారు. రైల్లో నోరు తెరిస్తే అమ్మలు తొడ మీద గిల్లేవారు. తెలుగో తమిళమో కన్నడమో ఎవరూ అడిగేవారు కాదు. అందరం మద్రాసీలమే. "మేము తమిళులం కాదండీ, తెలుగోళ్లం" అని చెప్పి తప్పించుకున్నవాళ్లని మేము చూడలేదు. రాయి విసిరేవాడు మాతృభాష అడిగి విసరడు.

అప్పుడు ఠాక్రేగారికి ప్రభుత్వ పదవి ఏమీ లేదు. అసలు ప్రశ్న కుర్చీలో ఉన్నవాళ్లు ఏం చేశారన్నది. మిల్లుల్లో కమ్యూనిస్టు యూనియన్లు బలంగా ఉండేవి. వాటికి అడ్డుగా శివసేన పనికొస్తుందని ముఖ్యమంత్రి వసంత్‌రావ్ నాయక్ ప్రభుత్వం చూసీ చూడనట్టు ఉందని ఊరంతా అనుకునేది. శివసేనని "వసంతసేన" అని వేళాకోళం చేసేవారు. 1967 ఎన్నికల్లో కృష్ణ మీనన్‌కి, ఆయన 1957లో, 1962లో గెలిచిన ముంబైలోనే, బయటి మనిషి అని కాంగ్రెస్ టికెట్ ఇవ్వలేదు. ఆయన స్వతంత్రంగా నిలబడి ఎస్.జి. బర్వే చేతిలో ఓడిపోయారు. బర్వే చనిపోయాక వచ్చిన ఉప ఎన్నికలో బర్వే సోదరి తారా సప్రే చేతిలో మళ్లీ ఓడిపోయారు. దేశానికి రక్షణ మంత్రిగా పనిచేసిన మనిషికే బయటివాడు అన్న రిమార్కు పడితే, మిల్లులో బదిలీ కూలి సంగతి ఏమిటి?

తర్వాత 1969 ఫిబ్రవరిలో బెళగావి సరిహద్దు గొడవ. ఉప ప్రధాని మొరార్జీ దేశాయ్ కారు మాహిం దగ్గర ఆపబోయిన చోట మొదలై, ఊరు రోజుల తరబడి తగలబడింది. 50 మందికి పైగా చనిపోయారు. అప్పుడు కన్నడవాళ్ల హోటళ్లు దెబ్బతిన్నాయి. 1970 జూన్‌లో లాల్‌బాగ్‌లో కమ్యూనిస్టు ఎమ్మెల్యే కృష్ణ దేశాయ్ హత్య జరిగింది. ఆయన మరాఠీ మనిషే. ఆయన సీటులో జరిగిన ఉప ఎన్నికలోనే శివసేనకి మొదటి ఎమ్మెల్యే వచ్చాడు. ఇది బాగా చూడండి. లుంగీ మీద మొదలైన మాట మరాఠీ మనిషి ఇంటి దాకా వచ్చింది. ఒకసారి ఒకరి మీద చెయ్యెత్తడం తప్పు కాదని అనిపించాక, ఆ చెయ్యి మన లెక్క ప్రకారం ఆగదు.

కాలం మారిందని కూడా చెప్పాలి. 2019 ఎన్నికల్లో అదే కుటుంబం నుంచి ఆదిత్య ఠాక్రే వర్లీలో నిలబడినప్పుడు బ్యానర్లు తెలుగులో కూడా కట్టారు. మనం ఓటర్లమయ్యాం కాబట్టి మన లిపి గోడ మీదికి వచ్చింది. అది చూసి మా వయసువాళ్లం నవ్వుకున్నాం, కొంచెం కళ్లు తడి కూడా అయ్యాయి.

ఇప్పుడు చెప్పబోయేది రాయడం కష్టం. అయినా రాయాలి.

2008లో రాజ్ ఠాక్రే పార్టీ ఉత్తర భారతీయుల మీద పడింది. టాక్సీవాళ్లను, కూరగాయలు అమ్మేవాళ్లను కొట్టారు. అక్టోబర్ 19న రైల్వే రిక్రూట్‌మెంట్ పరీక్ష రాయడానికి వచ్చిన బీహారు, యూపీ కుర్రాళ్లను సెంటర్ల దగ్గర తరిమి కొట్టారు. ఆ ఉద్యోగాల విలువ రైల్వేలో పనిచేసినవాళ్లం మాకు బాగా తెలుసు. ఇల్లు అమ్మి పిల్లాడిని పరీక్షకి పంపిన తండ్రులుంటారు. ఆ రోజు మన చాళ్లలో ఏం జరిగింది? కొందరు చప్పట్లు కొట్టారు. "భయ్యాలకి బాగా అయింది, మన ఉద్యోగాలు తినేస్తున్నారు" అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో 1967లో ప్యాంటు మార్చుకుని కిందికి దిగిన నాన్నల కొడుకులున్నారు. మేము ఆ రోజు అడ్డం చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాం. అది మా తప్పు.

అదే నెల 27న కుర్లాలో ఒక బీహారు కుర్రాడు నాటు పిస్తోలుతో బస్సులో ఎక్కి బెదిరిస్తే పోలీసులు కాల్చి చంపారు. హోం మంత్రి ఆర్.ఆర్. పాటిల్ బుల్లెట్‌కి బుల్లెట్టే జవాబు అనే అర్థంలో పోలీసులను వెనకేసుకొచ్చారు. మర్నాడు ఖోపోలీ వైపు లోకల్ రైల్లో యూపీ కూలీ ఒకడు దెబ్బలకి చచ్చిపోయాడు. మంత్రి మాట వల్లే ఆ చావు జరిగిందని మేము అనం, అలా అనడానికి ఆధారం లేదు. నెల తిరక్కుండా నవంబర్ 26 దాడులు జరిగాయి. పెద్ద పెద్ద ఊళ్లలో ఇలాంటి చిన్న చిన్న సంగతులు జరుగుతుంటాయి అన్నట్టు అదే మంత్రి నోరు జారారు. డిసెంబర్ 1న రాజీనామా చేయాల్సి వచ్చింది. నెల రోజుల్లో అదే కుర్చీ, అదే నోరు. బీహారు కుర్రాడి గురించి అన్న మాటకి ఏమీ కాలేదు. తాజ్ హోటల్ తగలబడ్డ రోజుల్లో అన్న మాటకి కుర్చీ పోయింది. ఆర్.ఆర్. పాటిల్ పేదింటి నుంచి వచ్చిన మంచి మనిషని చాలామంది అంటారు, అందుకే ఇది ఆయన ఒక్కడి సంగతి కాదు. మాటకి శిక్ష మాటని బట్టి పడదు. ఎవరి గురించి అన్నారన్నదాన్ని బట్టి పడుతుంది.

రైల్వే పరీక్షల గొడవకి మందు ఎలా దొరికిందో కూడా చెప్పాలి. మరాఠీ కుర్రాళ్ల ఫిర్యాదులో నిజముంది. పరీక్ష వాళ్ల భాషలో లేదు. వేర్వేరు బోర్డులు వేర్వేరు రోజుల్లో పరీక్ష పెడితే ఒకే మనిషి ఊరూరా తిరిగి రాయగలడు. 2010లో మమతా బెనర్జీ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు పద్ధతి మార్చారు. బోర్డులన్నిటికీ ఒకే రోజు పరీక్ష, ప్రశ్నపత్రం మరాఠీ సహా స్థానిక భాషల్లో కూడా. ఎవరినీ కొట్టకుండా, ఎవరి జాతినీ ఎత్తకుండా, ఒక సర్క్యులర్‌తో అయిన పని అది. నినాదంతో నలభై ఏళ్లలో కానిది.

మూడో జవాబు, "నోటి మాటే కదా".

2017 ఏప్రిల్‌లో తరుణ్ విజయ్ అనే మాజీ రాజ్యసభ సభ్యుడు అల్ జజీరా టీవీలో మాట్లాడారు. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థులను గుంపులు కొట్టిన రోజులవి. మన దేశంలో రంగు భేదం లేదని చెప్పబోయి, అలా ఉంటే తమిళ, కేరళ, కర్ణాటక, ఆంధ్ర వాళ్లతో మేము ఎందుకు కలిసి బతుకుతాం, మా చుట్టూ నల్లవాళ్లున్నారు కదా అనే అర్థంలో అన్నారు. ఇందులో "మేము" ఎవరో, "వాళ్లు" ఎవరో గమనించండి. ఆయన ఇల్లుగలవాడట, మనం ఆయన ఇంట్లో ఉండనిచ్చినవాళ్లమట. క్షమాపణ చెప్పారు, అయిపోయింది.

2024 మేలో శామ్ పిత్రోడా దేశంలోని వైవిధ్యాన్ని పొగుడుతూ, తూర్పువాళ్లు చైనావాళ్లలా, పడమటివాళ్లు అరబ్బుల్లా, ఉత్తరంవాళ్లు తెల్లవాళ్లలా, దక్షిణంవాళ్లు ఆఫ్రికావాళ్లలా ఉంటారన్నారు. ఎన్నికల రోజులు. మే 8న ప్రధాని మోదీ వరంగల్ సభలో దీని మీద కోపంగా మాట్లాడారు. అదే రోజు పిత్రోడా ఇండియన్ ఓవర్సీస్ కాంగ్రెస్ అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. ఎన్నికలైపోయాక జూన్ చివర్లో ఆ పదవి మళ్లీ ఆయనకే ఇచ్చారు. ఒకరిది ఒక పార్టీ, ఇంకొకరిది ఇంకో పార్టీ. మేము ఏ పార్టీ తరఫునా రాయడం లేదు. రెండుసార్లూ మన ఒంటి రంగు వాళ్ల కొట్లాటలో రాయిగా పనికొచ్చింది. మనకి కోపం వచ్చింది కూడా ఎందుకో ఆలోచించండి. మనల్ని ఆఫ్రికావాళ్లతో పోల్చారనా? ఆఫ్రికావాడిలా ఉండటంలో తప్పేముంది? ఆ కోపంలో సగం మన సొంత రోగం. పెళ్లిచూపుల్లో చామనఛాయ అని చెప్పి నలుపుని దాచే మనం, ఎవరిని దెబ్బలాడతాం?

ఇక చివరిది, దూరదేశానిది. కానీ ఇది మన పిల్ల సంగతి.

కర్నూలు జిల్లా ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల. సియాటిల్‌లో చదువుకుంటోంది. 2023 జనవరి 23 రాత్రి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చనిపోయింది. 25 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ల వేగంతో వచ్చింది. ఆమెకి 23 ఏళ్లు. పోలీసు యూనియన్ ఉపాధ్యక్షుడుగా ఉన్న డానియల్ ఆడరర్ అనే అధికారి, ఫోన్లో తన యూనియన్ నాయకుడితో నవ్వుతూ మాట్లాడాడు. ఒంటి మీది కెమెరా నడుస్తూనే ఉంది. 11 వేల డాలర్ల చెక్కు రాస్తే సరి, వయసు 26 కదా, ఆమెకి విలువ పరిమితమే అన్నాడు. వయసు కూడా తప్పే. లాయర్లు ఎలా వాదిస్తారో వెక్కిరించాను తప్ప ఆమెను కాదు అని తర్వాత చెప్పుకున్నాడు.

ఆ మాటలో రంగు లేదు, దేశం పేరు లేదు. అయినా తెలుగువాళ్లు ప్రతి ఊళ్లో అర్థం చేసుకున్నారు. చివరి గడిలో రాసే రిమార్కు అది. మనిషి చనిపోయిన కొద్ది గంటల్లో ఆమె పేరు ఎదురుగా పరిమిత విలువ అని రాసేశారు. సెప్టెంబర్లో ఆ వీడియో బయటికి వచ్చాక అక్కడి జనం ఊరుకోలేదు. తెలుగువాళ్లే కాదు, తెల్లవాళ్లు, నల్లవాళ్లు రోడ్డు మీదికి వచ్చారు. ఫిర్యాదులు రాశారు, విచారణలో నిలబడ్డారు. 2024 జూలైలో ఆడరర్‌ని ఉద్యోగం నుంచి తీసేశారు. కారు నడిపిన అధికారి మీద క్రిమినల్ కేసు పెట్టలేదు, 2025 జనవరిలో అతన్నీ తీసేశారు. ఆ పిల్ల తిరిగి రాదు. కానీ రిమార్కు కొట్టివేయబడింది. దానికి ఏడాదిన్నర పట్టింది, చాలా కాగితం పట్టింది. తిట్టుకి తిట్టు కొడితే కొట్టివేయబడేది కాదు.

కాబట్టి మన సంఘం ముందు మేము పెట్టే మాటలు ఇవి.

మొదటిది. కుర్చీలో ఉన్నవాళ్లు మన గురించి అలాంటి మాట అంటే గ్రూపులో తిట్టుకోవడం ఆపి, మరాఠీలో ఒక పేజీ ఉత్తరం రాద్దాం. ఏ తేదీ, ఎక్కడ, ఏమన్నారు, మనం ఏం కోరుతున్నాం. సంతకాలు పెట్టి స్పీకరుకో, సంబంధించిన శాఖకో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుందాం. కాపీ సంఘం ఫైల్లో ఉంచుదాం. జవాబు రాకపోవచ్చు. ఫైల్లో ఉంటుంది. గుమాస్తా పని మేము చేస్తాం, సంతకాలు మీరు తెండి.

రెండోది. ఆ ఉత్తరం శెట్టి కోసం కూడా రాయాలి, తమిళుడి కోసం కూడా, భయ్యా కోసం కూడా. మనల్ని అన్నప్పుడే రాస్తే అది ఫిర్యాదు కాదు, బేరం.

మూడోది కష్టం. మన గ్రూపులో, మన మెట్ల మీద, మన నోళ్లలో ఉన్న మాటలు. నేపాలీ వాచ్‌మన్‌ని ఏమని పిలుస్తాం, నాలాసోపారా వైపు రైల్లో ఆఫ్రికా కుర్రాడు పక్కన కూర్చుంటే ఏమంటాం, మన గల్లీలోనే ఉన్న ఆ ఆడవాళ్లను ఏమంటాం. మనకి కుర్చీ లేదు కాబట్టి మన మాట కాగితంలోకి దిగదనుకోవద్దు. ఇంట్లో పిల్లలకి మనమే కుర్చీ.

పలకరించుకోవడం మానేసిన ఆ రెండు ఇళ్లవాళ్లకి ఒక మాట. మీ తాతలు ఒకే రైల్లో సోలాపూరు దాటి వచ్చారని మీ ఇద్దరి ఇళ్లలోనూ మేము విన్నాం. ఆదివారం సంఘం ఆఫీసులో టీ పెట్టిస్తాం. రండి. తప్పు మొదట ఎవరు రాశారన్నది అడగం.

కామాఠీపురా పాత కాంట్రాక్టర్ల గురించి, 60ల గొడవల గురించి మీ ఇళ్లలో పెద్దలకి గుర్తున్నది ఏమైనా ఉంటే రాసి పంపండి. రాయలేకపోతే ఫోన్లో చెప్పండి, మేము రాసుకుంటాం. ఈ మధ్య మా వయసువాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఇట్లు,
మీ సంఘం సభ్యులం